పదిహేను వేల ఆరువందలకు లెక్క చూపండి

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక శాఖకు, కార్మిక శాఖకు, కనీస వేతనాల సలహా మండలికి బహిరంగ లేఖ



ప్రభుత్వ కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, వసతి గృహాల్లో అవుట్‌సోర్సింగ్ మీద పనిచేసే చిట్టచివరి తరగతి ఉద్యోగికి 2021 జూన్‌లో మీరు ఖరారు చేసిన నెల జీతం 15,600 రూపాయలు. దాని పై తరగతికి 19,500, ఆ పైదానికి 22,750. అంతకుముందు 12,000గా ఉన్న చివరి అంకెను ముప్పై శాతం పెంచి ఇక్కడికి తెచ్చారు. ఆ తర్వాత నాలుగేళ్లు దాటిపోయినా అది అక్కడే ఉంది. పెంపు మాట ఎత్తినప్పుడల్లా ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: సంసారానికి చాలకపోవచ్చుగానీ ఒంటరి మనిషికి ఇది సరిపోతుంది కదా, ఇవన్నీ జీవితం మొదలుపెట్టే కుర్రవాళ్లు చేరే ఉద్యోగాలే కదా అని. ఆ ధోరణిని ఒప్పుకోలేకే ఈ లేఖ రాస్తున్నాను. కనీస వేతనాన్ని కుటుంబాన్ని లెక్కలోకి తీసుకుని కట్టాలన్నది ఈ దేశం ఎప్పుడో తేల్చుకున్న విషయం. సరే, దాన్ని కాసేపు పక్కన పెట్టి ఒక్క మనిషికే లెక్క కట్టినా హైదరాబాదులో ఈ జీతం చాలదు. చాలుతున్నట్టు కనబడుతోందంటే తక్కువపడింది ఇంకెవరో కడుతున్నారని అర్థం. ఆ కట్టేవాళ్లెవరో మీకు తెలియదా? తెలిసీ లెక్కలో రాయడం లేదా?

ముందు చేతికి వచ్చేదెంతో చూద్దాం. 15,600లో భవిష్య నిధికి 1,800 పోతుంది. ఈఎస్‌ఐకి ముప్పావు శాతం చొప్పున 117. ఆపైన వృత్తి పన్ను. నెలకు 15,000 దాకా జీతం ఉన్నవారికి మన రాష్ట్రంలో ఆ పన్ను లేదు, దాటితే 150. మీరు నిర్ణయించిన జీతం ఆ గీతకు సరిగ్గా ఆరువందలు పైన ఉంది. అంటే గీత దాటించిన ఆ ఆరువందల్లో పావు వంతు తిరిగి మీ ఖజానాకే వస్తుంది. ఇవన్నీ పోను మిగిలేది 13,533. భవిష్య నిధి సొమ్ము ఉద్యోగిదే కదా అంటారేమో. నిజమే, అది అతని వృద్ధాప్యానికి దాచిన డబ్బు, దాన్ని నేను నష్టంగా రాయను. కానీ ఈ నెల అద్దె కట్టడానికి అది పనికిరాదు. ఇక ఖర్చులు. ఇవి నేను వేసిన అంచనాలు, వంద అటూ ఇటూ మీరే సవరించుకోండి. నగరంలో ఏదో ఒక బస్తీలో ఒక గది, వంటకు ఒక మూల, కరెంటు, నీళ్లు కలిపి 6,000. ఆర్టీసీ ఆర్డినరీ బస్సు నెల పాసు 1,400. 2025 జూన్‌కు ముందు అది 1,150 ఉండేది. తిండికి 5,000, అంటే రోజుకు 166 రూపాయలు. మెస్సులో రెండు పూటలా ఎనభై రూపాయల భోజనం చేస్తే పొద్దుటి టిఫినుకు మిగిలేది ఆరు రూపాయలు కనుక ఒక పూటైనా వండుకుంటాడనే ఈ అంకె వేశాను. ఫోను రీచార్జికి 300. సబ్బులు, బట్టలు, చెప్పులు, క్షవరం అన్నీ కలిపి 800. మొత్తం 13,500. నెల పొడుగునా పనిచేసిన మనిషికి మిగిలింది 33 రూపాయలు.

ఈ పట్టికలో ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ మాట్లాడతాయి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు పంపే డబ్బు ఇందులో లేదు. దసరాకో సంక్రాంతికో ఇంటికి వెళ్లిరావడానికి చార్జీ లేదు. గది మారినప్పుడు ఇంటివాళ్లు అడిగే రెండు నెలల అడ్వాన్సు లేదు. ఈఎస్‌ఐ ఉన్నా, దాని డిస్పెన్సరీకి వెళ్లాలంటే ఒక పని దినం వదులుకోవాలి కనుక వీధి చివర మందుల దుకాణంలో కొనుక్కునే జ్వరం మాత్రలకు చోటు లేదు. గ్రూప్ పరీక్షకో పోలీసు ఉద్యోగానికో చదువుకోవడానికి పుస్తకాలు లేవు, కోచింగ్ ఫీజు లేదు. స్నేహితుడి పెళ్లికి చదివింపులు లేవు. రేపు తన పెళ్లికి దాచుకోవడానికి చిట్టీ కట్టే వీలు లేదు. ఇవి విలాసాలా? గది వద్దనుకుని అమీర్‌పేటలోనో ఎస్.ఆర్. నగర్‌లోనో నలుగురైదుగురు పడుకునే పీజీ హాస్టల్ గదిలో మంచం తీసుకోవచ్చు, రెండు మూడు వేలు మిగలవచ్చు. చదువు పూర్తయిన కొత్తల్లో ఒకటి రెండేళ్లు అలా గడపడం వేరు. ముప్పై అయిదేళ్ల మనిషి, పదేళ్ల సర్వీసు ఉన్న మనిషి, ఇంకా మంచం అద్దెకు తీసుకునే బతకాలని ప్రభుత్వమే నిర్ణయించడం వేరు. మీ ఉత్తర్వు మొదటి నెల జీతానికీ పదో ఏడు జీతానికీ తేడా పెట్టలేదు. ఇంక్రిమెంటు లేని ఉద్యోగాన్ని జీవితం మొదలుపెట్టే ఉద్యోగం అని ఎలా అంటారు?

మీ వైపు నుంచి రాగల గట్టి అభ్యంతరం ఒకటుంది. కేంద్ర గణాంక శాఖ 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో మనిషి సగటు నెల ఖర్చు 8,978 రూపాయలు, పల్లెల్లో 5,435. సగటు పట్టణవాసి తొమ్మిది వేలలోపు సర్దుకుంటుంటే పదమూడున్నర వేలు చేతికొచ్చేవాడికి చాలదనడం ఏమిటని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ సగటు ఎలా వచ్చిందో కూడా చూడాలి. అది కుటుంబం మొత్తం ఖర్చును పసిపిల్లలతో సహా అందరి తలల మీదా పంచగా వచ్చిన అంకె. సొంత ఇంట్లో ఉండేవాళ్ల ఇంటికి అద్దె విలువ అందులో కలవదు. హైదరాబాదు అద్దెలూ చిన్న మున్సిపాలిటీల అద్దెలూ ఒకే రాశిలో పడ్డాయి. అన్నిటికంటే ముఖ్యం, కలిసి ఉండడంలో ఉన్న పొదుపు. ఆరు వేల అద్దె గదిలో నలుగురుంటే తలా పదిహేను వందలు, ఒక్కడే ఉంటే ఆరు వేలూ వాడివే. గ్యాస్ పొయ్యి, ఫ్యాను, నీళ్ల బిందె అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. కనుక ఒంటరి మనిషి ఖర్చు సగటు కంటే ఎక్కువే ఉంటుంది, తక్కువ ఉండదు. పోనీ, ఈ సగటునే ప్రమాణంగా తీసుకుంటానంటారా? అయితే మీ జీతంతో నలుగురున్న ఇంటిని నడిపి చూపించండి. చేతికొచ్చే 13,533ను నలుగురికి పంచితే తలా 3,383. హైదరాబాదు మాట అటుంచి, తెలంగాణ పల్లె సగటుకు కూడా అది రెండు వేలు తక్కువ. ఒంటరివాడికి పంచుకునే తోడు లేక చాలదు, సంసారికి పంచవలసిన నోళ్లు ఎక్కువై చాలదు. మరి ఈ జీతం ఎవరిని మనసులో పెట్టుకుని ఖరారు చేశారు?

కనీస వేతనం అంటే ఏమిటో ఈ దేశం తేల్చుకుని ఏడు దశాబ్దాలు కావస్తోంది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభలో ప్రభుత్వాలు, యజమానులు, కార్మిక సంఘాలు ఒక మాట మీదికి వచ్చాయి: ఒకరి సంపాదన మీద ముగ్గురు పెద్దవాళ్లతో సమానమైన తిండి అవసరం ఉన్న కుటుంబం బతకాలి, పెద్దమనిషికి రోజుకు 2,700 కేలరీలు, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, ఇంటి అద్దె, మొత్తం వేతనంలో అయిదో వంతు వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు. ఆ తిండి లెక్క డాక్టర్ అక్రాయిడ్‌ది. ఆయన నడిపిన కూనూరు పోషకాహార పరిశోధనశాలే తర్వాత మన నగరానికి తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మనిషి ఏం తినాలో దేశానికంతటికీ చెప్పే సంస్థ మీ సచివాలయం ఉన్న నగరంలోనే, తార్నాకలో ఉంది. జీతం ఖరారు చేసేముందు ఆ సంస్థను ఒక్క మాట అడిగారా? ఆ తర్వాత రాప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, పెళ్లిళ్లకు మరో పాతిక శాతం కలపాలంది. కేంద్రం వేతనాల కోడ్ కింద 2020లో విడుదల చేసిన ముసాయిదా నియమాలూ ఈ చట్రాన్నే తీసుకున్నాయి గానీ అద్దె దగ్గర వింత లెక్క పెట్టాయి: తిండికీ బట్టలకూ అయ్యే ఖర్చులో పది శాతం. దాని ప్రకారమే కడదాం. ఇంట్లోనే వండుకుంటారు కనుక తలకు 3,500 చొప్పున ముగ్గురి తిండికి 10,500, బట్టలకు 1,000, అద్దెకు పది శాతం చొప్పున 1,150. ఆపైన మొత్తం వేతనంలో ఇరవై శాతం, పాతిక శాతం కలిపితే 23,000 అవుతుంది. 1,150 రూపాయలకు హైదరాబాదులో ఇల్లు దొరుకుతుందని ఒప్పుకుంటేనే ఈ అంకె. అలాంటి ఇల్లు ఎక్కడుందో మీలో ఎవరైనా చెప్పగలరా? అంత తక్కువ అద్దె రాసుకున్నా మీ 15,600 ఆ 23,000కు మూడింట రెండు వంతులే.

నా అంచనాల మీద మీకు నమ్మకం లేకపోతే మీ సొంత లెక్కే చూడండి. రాష్ట్రం ఏర్పడ్డాక వేసిన మొదటి వేతన సవరణ సంఘం చిట్టచివరి రెగ్యులర్ ఉద్యోగికి కనీస మూల వేతనం 19,000 ఉండాలంది. మీరు ఆమోదించి 2021లో అమలు చేశారు. అది 2018 జూలైతో మొదలయ్యే సవరణ. హైదరాబాదులో పనిచేసేవారికి ఇంటి అద్దె అలవెన్సు 24 శాతం, అంటే 4,560. రెండూ కలిపితే 23,560. ఆపైన ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు లెక్కగట్టే కరువు భత్యం. బకాయిలు పడతాయి, వాయిదాలు పడతాయి, కానీ ధర పెరిగితే జీతం కదలాలన్న సూత్రాన్ని మీరు ఒప్పుకున్నారు. ఈ నగరంలో అటెండరు బతకడానికి ఎంత కావాలో మీ సంఘమే లెక్కగట్టింది, మీ శాఖే సంతకం పెట్టింది. అదే కార్యాలయంలో, అదే వరండాలో, అవే ఫైళ్లు మోసే అవుట్‌సోర్సింగ్ అటెండరుకు అద్దె అలవెన్సు లేదు, కరువు భత్యం లేదు, ఇంక్రిమెంటు లేదు. రెగ్యులర్ ఉద్యోగికి ఎక్కువ ఇస్తున్నారన్నది నా ఫిర్యాదు కాదు, అది అతనికి దక్కవలసిందే. ఒకే ధరల సూచీ ఒకరి విషయంలో కనబడి పక్కనున్నవారి విషయంలో కనబడకపోవడం గురించే అడుగుతున్నాను. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 2016లో పంజాబ్ ప్రభుత్వానికీ జగ్జీత్ సింగ్‌కూ మధ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెన్సీ ద్వారా వచ్చారు కనుక ఆ తీర్పు వీళ్లకు వర్తించదని మీ న్యాయవాదులు వాదించవచ్చు. కోర్టులో ఆ వాదన ఏమవుతుందో వేరే సంగతి. కిరాణా కొట్టువాడు మాత్రం ఏజెన్సీ ఉద్యోగి అని ఉప్పు మీద పైసా తగ్గించడు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. తక్కువపడ్డ డబ్బు ఎవరు కడుతున్నారు? ముందుగా తల్లిదండ్రులు. ఊళ్లోంచి వచ్చే బియ్యం బస్తా, పప్పు, పచ్చళ్లు, నెలాఖరులో ఫోన్‌పేలో వేసే వెయ్యి రూపాయలు, ఇవన్నీ మీ ఉద్యోగి జీతంలో భాగాలే, కాకపోతే ఆ భాగం ఎకరం అరెకరం రైతు భరిస్తున్నాడు. నగరంలోనే పుట్టినవారైతే తండ్రి కట్టిన రెండు గదుల ఇల్లు అద్దె భరిస్తోంది. తర్వాత అప్పిచ్చేవాళ్లు. చేబదులుతో మొదలై నూటికి మూడు నాలుగు రూపాయల వడ్డీ దాకా, ఇప్పుడు ఫోన్‌లో క్షణాల్లో అప్పిచ్చే యాప్‌ల దాకా. ఆ తర్వాత ఉద్యోగి ఒళ్లు. పగలు ప్రభుత్వాసుపత్రిలో స్ట్రెచర్ తోసి రాత్రి హోటల్ పార్సిళ్లు చేరవేస్తే వచ్చే డబ్బు అది. ఇవేవీ మీ బడ్జెట్ పుస్తకంలో కనబడవు. అందుకే జీతం చాలుతోందని మీకు అనిపిస్తుంది. దీని భారం చివరికి జనం మీదే పడుతుంది. నిద్రలేని మనిషి తోసే స్ట్రెచర్ మీద ఉండేది మీ నా ఇళ్లలోని రోగే. కాస్త మెరుగైన పని దొరకగానే వెళ్లిపోయే కంప్యూటర్ ఆపరేటర్ వెంట పెన్షను దరఖాస్తుల అనుభవం కూడా వెళ్లిపోతుంది. జీతం చాలని చోట చేయి చాపే అలవాటు పుడితే క్రమశిక్షణ చర్యలు తీసుకుంటారు సరే, దానికి పునాది వేసిన ఉత్తర్వు మీద ఏ చర్య తీసుకుంటారు?

సంక్షేమ పథకాలున్నాయి కదా అన్నది తర్వాతి సమాధానం. ఉన్నాయి, మంచివి కూడా. 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. కిలో యాభై అనుకున్నా ఒంటరి మనిషికి అది నెలకు మూడు వందల సాయం. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం, పాసు ఖర్చు 1,400 మిగులుతుంది. నా పట్టికలో ఈ రెండూ తీసేసినా ఒక మహిళా ఉద్యోగికి నెలాఖరున చేతిలో ఉండేది పదిహేడు వందల పైచిలుకు. పురుషుడికి మూడు వందల పైచిలుకు. అడ్వాన్సు, జబ్బు, ఇంటికి పంపే డబ్బు అన్నీ అందులోంచే రావాలి. ఇంకో సంగతి గమనించండి. ఆహార భద్రత కార్డుకు పట్టణాల్లో ఏడాది ఆదాయ పరిమితి రెండు లక్షలు, పల్లెల్లో లక్షన్నర. మీ ఉద్యోగి ఏడాది జీతం 1,87,200. అంటే హైదరాబాదులో పనిచేసే మీ ఉద్యోగి మీ కొలతల ప్రకారమే పేదవాడు. ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ప్రభుత్వ లెక్కల్లో పేదగా మిగిలిపోవడం ఎవరి వైఫల్యం? అదే ఉద్యోగి మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరితే పరిమితి దాటిపోతాడు, బియ్యమూ పోతాయి. పథకం పౌరుడిగా అతని హక్కు, జీతం యజమానిగా మీ బాకీ. పౌరుడికి ఇచ్చినదాన్ని చూపించి పనివాడికి ఇవ్వవలసింది తగ్గించడం మొదలుపెడితే రేపు ప్రైవేటు కంట్రాక్టరు కూడా అదే మాట అంటాడు. ప్రజల పన్నులతో కంట్రాక్టరు జీతాల బిల్లు తగ్గించడానికా ఈ పథకాలు పెట్టింది?

ఖజానా భరించలేదన్న మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. వేల సంఖ్యలో ఉన్న ఉద్యోగులకు తలా అయిదారు వేలు పెంచితే ఏడాదికి ఎంతవుతుందో నాకూ తెలుసు. కానీ ఏ జీతమైనా ఇవ్వగలమా లేదా అని చూడవచ్చుగానీ, కనీస జీతం దగ్గర ఆ ప్రశ్న చెల్లదని సుప్రీంకోర్టు యాభైల చివర్లో, అరవైల మొదట్లోనే తేల్చింది. కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కే లేదని క్రౌన్ అల్యూమినియం కేసులో చెప్పిన మాట ప్రైవేటు యజమానుల గురించి. ఆ చట్టాన్ని వాళ్ల మీద అమలు చేయవలసిన ప్రభుత్వానికి అంతకంటే తక్కువ ప్రమాణం ఉంటుందా? డబ్బు ఎక్కడుందో వెతికే దారులు కూడా ఉన్నాయి. ఏజెన్సీకి చెల్లించే సర్వీసు చార్జీ, దాని మీద పన్ను, ఇవి పనివాడికి చేరని ఖర్చులు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్ అనే కార్పొరేషన్ పెట్టి ఏజెన్సీలను చాలావరకు తప్పించింది. అయినా అక్కడ 2022 జనవరిలో చివరి తరగతికి ఖరారైన జీతం 15,000. దళారీని తీసేసినంత మాత్రాన జీతం దానంతట అది పెరగదని, అంకెను లెక్కగట్టి మార్చాలని ఆ అనుభవం చెబుతోంది. ఒకేసారి మోయలేకపోతే రెండేళ్లలో విడతలుగా పెంచండి, గడువు రాసివ్వండి. ఇస్తున్న జీతమైనా నెల మొదట్లో ఇవ్వండి. నెలల తరబడి బిల్లులు ఆగిన సందర్భాలు సచివాలయానికి తెలియనివి కావు. 33 రూపాయల మిగులున్న మనిషికి రెండు నెలల జీతం ఆగితే ఆ తర్వాత వచ్చే జీతం వడ్డీకే పోతుంది. ఖజానా ఇబ్బందిని జీతాల పట్టికలో అట్టడుగున ఉన్నవాడి చేత అప్పు చేయించి తీర్చుకోవడం ఏ ఆర్థిక సూత్రం?

ఈ జీతానికి కూడా దరఖాస్తులు కుప్పలుగా వస్తున్నాయి, ఇష్టం లేకపోతే చేరకుండా ఉండవచ్చు అన్నది ఆఖరి వాదన. 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు దీనికి సమాధానం ఇచ్చింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని, ఆకలీ పేదరికమూ చేసే బలవంతం కూడా బలవంతమేనని చెప్పింది. మీరిచ్చేది నోటిఫై చేసిన కనీస వేతనం కంటే తక్కువ కాదని అనవచ్చు. అక్కడే కార్మిక శాఖకు, సలహా మండలికి నా ప్రశ్న. ఆ నోటిఫై చేసిన అంకెలు ఏ కాలం నాటివి? కనీస వేతనాల చట్టం 1948 నుంచీ, ఇప్పటి వేతనాల కోడ్ కూడా, అయిదేళ్లకు మించకుండా సవరించాలంటున్నాయి. 2021 జూన్‌లో సెక్యూరిటీ సేవలు, నిర్మాణ పనులు సహా అయిదు రంగాలకు కొత్త వేతనాలతో జీవోలు ఇచ్చి గెజెట్‌లో అచ్చువేయకుండా వదిలేస్తే, ఆ వ్యవహారం హైకోర్టు గడప ఎక్కవలసి వచ్చింది. గెజెట్‌లో రాని జీవోను అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఏ యజమానికి చూపించాలి? ఢిల్లీ దారి కూడా ఇదే. కేంద్రం 2017లో నియమించిన అనూప్ సత్పథి సంఘం 2019లో దేశవ్యాప్త కనీస వేతనం రోజుకు 375 ఉండాలని, నగరాల్లో అద్దెకు ఇంకో 55 దాకా కలపాలని చెబితే, అదే ఏడాది కేంద్రం ప్రకటించిన అంకె 178. అంతకుముందున్న 176కు రెండు రూపాయల పెంపు! నిపుణులను లెక్క అడగడం, వాళ్లు చెప్పిన లెక్కను పక్కన పెట్టడం అక్కడి అలవాటు. మీరు అసలు లెక్కే అడగడం లేదు. అంతే తేడా.

ప్రభుత్వం ఇచ్చే జీతం ప్రభుత్వంతో ఆగదన్నది మీరు మరచిపోకూడదు. పెద్ద దుకాణాల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, కాల్ సెంటర్లలో జీతం మాట్లాడేటప్పుడు యజమాని ముందు పెట్టే పోలిక సర్కారువాళ్లే ఇంత ఇస్తున్నారు అన్నదే. మీ 15,600 కింద గీసిన గీత కావలసింది, మార్కెట్‌లో అది పై గీతగా మారుతోంది. జీతాలు పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయని ప్రైవేటు యజమాని భయపెట్టవచ్చు. ప్రభుత్వాసుపత్రిలో వార్డు ఊడ్చేవాళ్లు, వసతి గృహంలో వండేవాళ్లు లేకుండా ప్రభుత్వం నడవదు కనుక ఆ భయం మీకు వర్తించదు. రాజ్యాంగం 43వ అధికరణం పనిచేసే ప్రతివారికీ జీవన వేతనం అందేలా చూడమని రాజ్యానికి చెప్పింది. అది ఇంకా అందని గమ్యమే కావచ్చు. ఆ గమ్యం వైపు నడవవలసిన వాళ్లే, ఒంటరి మనిషికి చాల్లెమ్మని కనీస వేతనం దగ్గరే ఆగిపోతే ఇక నడిచేదెవరు?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నవి దయ చూపితే ఇచ్చేవి కావు, మీ బాధ్యతలోవే. 15,600 ఎలా వచ్చిందో ఆ లెక్కను బయటపెట్టండి: ఏ ఊరి ధరలు, ఏ నెల ధరలు, తిండికి ఎంత, అద్దెకు ఎంత, ఎంతమంది తినడానికి. పాత అంకెకు ముప్పై శాతం కలపడం తప్ప వేరే లెక్క లేకపోతే ఆ మాటే చెప్పండి. రెగ్యులర్ ఉద్యోగుల కరువు భత్యం ఏ సూచీతో కదులుతుందో ఈ జీతాన్నీ అదే సూచీకి ముడిపెట్టండి. హైదరాబాదులో పనిచేసేవారికి నగర అద్దె భత్యం వేరుగా ఇవ్వండి. సర్వీసును బట్టి ఇంక్రిమెంటు పెట్టండి. రాష్ట్ర వేతన నియమాలు రాసేటప్పుడు అద్దెను తిండి, బట్టల ఖర్చులో పది శాతంగా కట్టే ఆ లెక్కను తెచ్చుకోకండి, నగరంలో నిజంగా నడుస్తున్న అద్దెను సర్వే చేసి రాయండి. సలహా మండలి సవరణలు అయిదేళ్ల గడువు దాటకముందే గెజెట్‌లో కనబడేలా చూడండి. ఇవేవీ అవసరం లేదు, ఒంటరి మనిషికి ఈ జీతం చాలుతుంది అన్నదే మీ తుది మాట అయితే, అది ఏ బస్తీలో, ఏ అద్దెకు, రోజుకు ఎన్ని పూటలు తింటే చాలుతుందో మీ శాఖ ముద్రతో ఒక్క కాగితం విడుదల చేయండి. ఆ కాగితం ఇవ్వలేనప్పుడు ఆ మాట అనే హక్కు మీకు లేదు. అప్పుడు మార్చవలసింది ఉత్తర్వునే.

ఇట్లు,
మీ జీతాల బిల్లుకు పన్ను కడుతున్న ఒక పౌరుడు